బ్యాటరీ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్: లోపం ఎక్కడుందో చీటీయే చెబుతుంది

నెలకోసారి ఇంటి ముందు ఆగి కరెంటు బిల్లు తీసిచ్చే మీటర్ రీడర్ భుజానికి ఒక చిన్న ప్రింటర్ వేలాడుతూ ఉంటుంది. పాల సేకరణ కేంద్రంలో వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాకుండా పాలలో ఉండే ఘనపదార్థాలు), లీటర్లు, రేటు వేసి రైతు చేతిలో పెట్టే చీటీ కూడా ఇలాంటి ప్రింటర్ నుంచే వస్తుంది. డ్రంకెన్ డ్రైవ్ తనిఖీల్లో బ్రీత్ అనలైజర్ పక్కన కనిపించేదీ ఈ కోవదే. ఇప్పుడు వీటిలో చాలావరకు థర్మల్ రకం వచ్చేసింది. అయినా టకటకమని చప్పుడు చేస్తూ సూదులతో గుద్ది అచ్చు వేసే డాట్ మ్యాట్రిక్స్ రకం మాత్రం పూర్తిగా పోలేదు. పోకపోవడానికి గట్టి కారణమే ఉంది.

థర్మల్ కాగితం మీద ఇంకు ఉండదు. కాగితానికి పూసిన రసాయనం వేడి తగిలితే నల్లబడుతుంది, అంతే. ఎండ తగిలినా, పర్సులోని ప్లాస్టిక్ కవర్‌కు అంటుకుని ఉన్నా, శానిటైజర్ చేతులతో ముట్టుకున్నా ఆ పూత మారిపోతుంది. ఇంటి చిరునామాకు రుజువుగా కరెంటు బిల్లు తెమ్మనే ఆఫీసులు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. దాచుకున్న బిల్లు తెల్లకాగితమైపోతే ఇబ్బంది పడేది వినియోగదారుడే. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఆల్కహాల్ ఉంటే నేరం. ఆ అంకె పడిన చీటీ కేసు తేలేదాకా చదవడానికి వీలుగా ఉండాలి కదా. డాట్ మ్యాట్రిక్స్ మామూలు కాగితం మీద ఇంకుతో అచ్చు వేస్తుంది. సూది దెబ్బకు కింద ఇంకో కాపీ కూడా వస్తుంది. చీటీ సాక్ష్యంగా నిలవాల్సిన చోట ఇప్పటికీ దీన్ని మించింది లేదు.

ఇక చిక్కల్లా దీన్ని నడపడంలో, కనెక్ట్ చేయడంలో. బిల్లు సగంలో ఆగినా, పిచ్చి గుర్తులు పడినా ‘ప్రింటర్ పోయింది’ అని తేల్చేసి రిపేరుకు పంపేస్తారు. చాలాసార్లు ప్రింటర్‌కు ఏమీ కాదు. దానికి అందే కరెంటో, డేటా వచ్చే దారో, అది అర్థం చేసుకునే కోడో, ఈ మూడింటిలో ఏదో ఒకటి తప్పి ఉంటుంది. ఏది తప్పిందో చెప్పే ఆనవాలు చెడిపోయిన ఆ చీటీ మీదే ఉంటుంది. దాన్ని చించి పారేయకుండా ఒక్క నిమిషం చూస్తే సగం పని అయిపోతుంది.

లోపల ఏం జరుగుతుంది

ఆఫీసుల్లో ఉండే పెద్ద డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌లో తొమ్మిది లేదా ఇరవై నాలుగు సూదులు నిలువుగా ఉంటాయి. వాటిని మోసే తల ఎడమ నుంచి కుడికి పోతూ ఒక్కో నిలువు వరుస చొప్పున అక్షరాన్ని కడుతుంది. చేతిలో ఇమిడే ప్రింటర్లలో ఎక్కువగా కనిపించే షటిల్ పద్ధతి వేరు. ఎప్సన్ ఎం-150, ఎం-160 మెకానిజాలు ఈ పద్ధతివే. వీటి తలలో నాలుగే సోలినాయిడ్లు ఉంటాయి. సోలినాయిడ్ అంటే కరెంటు పారగానే సూదిని ముందుకు నెట్టే చిన్న విద్యుదయస్కాంతం. ఈ నాలుగూ కాగితం వెడల్పును నాలుగు వాటాలుగా పంచుకుంటాయి. తల ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెత్తదు, ఒక వాటా మేరకే అటూ ఇటూ ఊగుతుంది. అలా ఊగినప్పుడు ఒక అడ్డ చుక్కల వరుస పడుతుంది, కాగితం ఒక చుక్క మేర జరుగుతుంది, మళ్లీ ఊపు. ఎం-150లో అడ్డంగా 96 చుక్కలు, ఎం-160లో 144. అక్షరానికి ఆరు చుక్కల చొప్పున వేసుకుంటే లైనుకు 16, 24 అక్షరాలు వస్తాయి. ఎం-150 కాగితం రోలు వెడల్పు 44.5 మిల్లీమీటర్లు.

అక్షరం ఎత్తుకు ఏడు చుక్కల వరుసలు, లైన్ల మధ్య ఖాళీకి రెండు మూడు. అంటే తల పదిసార్లు ఊగితేగాని ఒక లైను పూర్తికాదు. సెకనుకు ఒక లైను, కాస్త అటూ ఇటూగా. ముప్పై లైన్ల బిల్లుకు అర నిమిషం పడుతుంది. థర్మల్ ప్రింటర్ వేగానికి అలవాటు పడినవాళ్లకు ఇది నెమ్మదిగా అనిపిస్తుంది గానీ లోపం కాదు. 1982లో అమ్మకానికి వచ్చిన ఎప్సన్ హెచ్‌ఎక్స్-20 అనే బ్యాటరీ కంప్యూటర్‌లో 24 అక్షరాల డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఒంట్లోనే ఇమిడి ఉండేది. నాలుగు లైన్ల తెర, నికెల్ కాడ్మియం బ్యాటరీ, పక్కనే చిన్న కాగితం రోలు. ఇవాళ్టి జేబు ప్రింటర్లకు అది పెద్దన్న.

ఈ నిర్మాణం తెలిస్తే చీటీ మీది కొన్ని లోపాలు చూడగానే దొరుకుతాయి. షటిల్ ప్రింటర్‌లో ఒక సోలినాయిడ్ పనిచేయకపోతే చీటీ వెడల్పులో సరిగ్గా పావు వంతు పైనుంచి కిందిదాకా ఖాళీగా వస్తుంది. నిలువు సూదుల తల ఉన్న ప్రింటర్‌లో ఒక సూది విరిగితే ప్రతి అక్షరాన్నీ ఒకే ఎత్తులో అడ్డంగా కోస్తూ తెల్లగీత పడుతుంది. ఈ రెండూ నిజంగా మెకానిజం లోపాలే, సర్వీసుకు పంపాల్సిందే. చీటీ అంతా ఒకే తీరున పలచగా ఉంటే రిబ్బన్ (సూదికీ కాగితానికీ మధ్య ఉండే ఇంకు గుడ్డ పట్టీ) ఆరిపోయిందని అర్థం. రిబ్బన్ కదలకుండా ఇరుక్కుపోతే ముందు అచ్చు తగ్గుతుంది, తర్వాత సూదులు ఒకేచోట గుద్ది గుద్ది గుడ్డకు చిల్లు పడుతుంది. ఆ చిరుగులో సూది చిక్కుకుంటే విరిగేది సూదే. అందుకే పలచబడిన రిబ్బన్‌ను ఇంకొన్ని రోజులు లాగుదాం అనుకోవడం మంచి పొదుపు కాదు. ఎం-150కి ఈఆర్‌సీ-05, ఎం-160 కోవకు ఈఆర్‌సీ-09 రిబ్బన్ వాడతారు. ఒకదాని బదులు ఇంకోటి కూర్చోదు. నలుపు కంటే ఊదా రంగు రిబ్బన్ ఎక్కువ అక్షరాలు ఇస్తుంది కాబట్టి ఇలాంటి చీటీల మీద ఊదా ఎక్కువగా కనిపిస్తుంది.

బ్యాటరీ: మీటర్ చూపించని లోపం

బ్లూటూత్ మీద పడే నిందల్లో పెద్ద భాగం నిజానికి బ్యాటరీకి చెందాలి. ప్రింటర్ ఊరికే ఆన్ చేసి ఉంచితే తీసుకునే కరెంటు మిల్లీఆంపియర్లలోనే ఉంటుంది. అచ్చు మొదలవగానే లెక్క మారుతుంది. చుక్క వేయడానికి సోలినాయిడ్‌కు కరెంటు అందేది మిల్లీసెకనులో కొంత భాగమే, కానీ ఆ క్షణంలో చిన్న మెకానిజం కూడా 3 ఆంపియర్ల దాకా లాగుతుంది. మోటారు వాటా దానికి అదనం. నిలకడగా కొంచెం కొంచెం తాగే ఫోన్ లాంటిది కాదు ఇది. ఉండుండి ఒక్కసారిగా గుంజుతుంది.

ప్రతి బ్యాటరీకీ లోపల కొంత నిరోధం ఉంటుంది. రెండు లిథియం అయాన్ సెల్స్ ఉన్న 7.4 వోల్టుల ప్యాక్‌ను తీసుకుందాం. కొత్తలో లోపలి నిరోధం 0.15 ఓమ్‌లు ఉందనుకుంటే 3 ఆంపియర్లు లాగినప్పుడు తగ్గే వోల్టేజీ 0.45. ప్రింటర్‌కు అది లెక్కలోకి రాదు. రెండు మూడేళ్లు వాడాక ఆ నిరోధం 0.6 ఓమ్‌లకు పెరిగిందనుకుంటే అదే గుంజుడుకు 1.8 వోల్టులు పడిపోతాయి. 7.4 కాస్తా 5.6 అవుతుంది. లోపలి కంట్రోలర్ అది చూసి బ్యాటరీ అయిపోయిందనుకుంటుంది, లేదా తనే రీసెట్ అవుతుంది. ప్రింటర్ రీసెట్ అయితే బ్లూటూత్ లింకూ తెగుతుంది. ఫోన్‌లో మాత్రం ‘కనెక్షన్ పోయింది’ అనే కనిపిస్తుంది. బ్యాటరీ తీసి వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పెడితే నిండుగా ఉన్నట్టే చూపిస్తుంది, ఎందుకంటే మీటర్ దాని నుంచి కరెంటు గుంజదు. ఇక బ్యాటరీ బాగుందని తేల్చి బ్లూటూత్ మాడ్యూల్ మార్చేస్తారు. వారం తిరక్కుండా అదే ఫిర్యాదు మళ్లీ వస్తుంది.

దీని ఆనవాలు కూడా చీటీ మీదే ఉంటుంది. అచ్చు ముదురుగా మొదలై, చుక్కలు దట్టంగా పడే చోట ఆగిపోతుంది. విడదీసేందుకు వేసే అడ్డగీత, నక్షత్రాల వరుస, రెట్టింపు వెడల్పు అక్షరాల్లో వేసే మొత్తం, లోగో, ఇవీ ఆ చోట్లు. వరుసగా నాలుగు బిల్లులు ఒకేచోట ఆగాయంటే బ్లూటూత్‌ను వదిలేసి బ్యాటరీని చూడాలి. కొత్త బ్యాటరీ వెంటనే దొరకని పరిస్థితిలో బిల్లు నమూనాలో లోగో, దట్టమైన గీతలు తీసేస్తే అదే పాత బ్యాటరీతో ఇంకొంత కాలం పని నడుస్తుంది. యాప్ రాసేవాళ్లు మొదటి నుంచే ఆ గీతల బదులు ఖాళీ లైను పెట్టడం ఇంకా మంచిది.

చార్జర్ తగిలించి ఉంది కదా, బ్యాటరీ చచ్చినా ఫర్వాలేదు అనుకోవడమూ పొరపాటే. ఒక ఆంపియర్ ఇచ్చే అడాప్టర్ 3 ఆంపియర్ల గుంజుడును తట్టుకోలేదు. చాలా డిజైన్లలో ఆ గుంజుడును మోసేది బ్యాటరీయే, చార్జర్ దాన్ని నింపుతుందంతే. ఎండాకాలం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. లిథియం అయాన్ సెల్స్‌ను 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జింగ్ పెట్టకూడదు. రామగుండం, కొత్తగూడెం ప్రాంతాల్లో మే నెలలో నీడలోనే ఉష్ణోగ్రత ఆ దరిదాపుల్లో ఉంటుంది. బైకు డబ్బాలో మధ్యాహ్నం దాకా ఉన్న ప్రింటర్ ఇంకెంత వేడెక్కుతుందో ఊహించుకోవచ్చు. తీసిన వెంటనే చార్జింగ్ పెట్టకుండా ఓ అరగంట నీడలో చల్లారనిస్తే బ్యాటరీ ఆయుష్షు పెరుగుతుంది. నెలల తరబడి వాడని ప్రింటర్‌ను నిండుగానో, పూర్తిగా ఖాళీగానో కాకుండా సగం చార్జితో దాచాలి.

ముందు సెల్ఫ్ టెస్ట్

కేబుల్, బ్లూటూత్, యాప్ వీటిలో దేని మీదా చేయి వేయకముందే చేయాల్సిన పని ఒకటుంది. చాలా ప్రింటర్లలో ఫీడ్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేస్తే సెల్ఫ్ టెస్ట్ చీటీ వస్తుంది. దాని మీద అక్షరాల పట్టిక, సాఫ్ట్‌వేర్ వెర్షన్, మోడల్‌ను బట్టి బాడ్ రేటు (సెకనుకు ఎన్ని బిట్లు పంపాలో చెప్పే అంకె), పారిటీ (తప్పు పట్టేందుకు చేర్చే అదనపు బిట్), బ్లూటూత్ పేరు ఉంటాయి. ఈ చీటీ శుభ్రంగా వచ్చిందంటే తల, మోటారు, రిబ్బన్, కాగితం బాగున్నట్టే. లోపం ప్రింటర్ బయట ఉంది. సరిగా రాలేదంటే కనెక్షన్ ఎంత సరిచేసినా ఫలితం ఉండదు. కొన్నింటిలో హెక్స్ డంప్ అనే ఇంకో మోడ్ ఉంటుంది. అందులో ప్రింటర్ తనకు వచ్చిన ప్రతి బైటునూ (0 నుంచి 255 లోపు ఒక కోడ్) అక్షరంగా కాక అంకెలుగా అచ్చు వేస్తుంది. పంపింది ఒకటి, చేరింది ఒకటి అయితే ఇక్కడ తేటతెల్లమవుతుంది. సాయంత్రం దాకా కుస్తీ పట్టాల్సిన సమస్య ఈ రెండు చీటీలతో పది నిమిషాల్లో తేలుతుంది.

మూడు తీగలు, ఒక ఒప్పందం

పాత యంత్రాలు, తూకం కాటాలు, పాల ఎనలైజర్ల నుంచి ప్రింటర్‌కు డేటా వచ్చేది ఇప్పటికీ సీరియల్ కేబుల్ మీదే, అంటే ఒకే తీగ మీద బిట్లు ఒకదాని వెనక ఒకటి వెళ్తాయి. కనీసం కావాల్సినవి మూడు తీగలు: పంపేది, అందుకునేది, గ్రౌండ్. కంప్యూటర్ వైపు తొమ్మిది పిన్నుల కనెక్టర్‌లో 2 అందుకునేది, 3 పంపేది, 5 గ్రౌండ్. ఇటు పంపే తీగ అటు అందుకునే పిన్నుకు చేరాలి. ప్రింటర్ వైపు మాత్రం ఏ కంపెనీ దారి దానిది. టెలిఫోన్ జాక్ లాంటిది పెట్టేవాళ్లున్నారు, గుండ్రటి కనెక్టర్ పెట్టేవాళ్లున్నారు. మాన్యువల్ చూడకుండా కేబుల్ కొరికి కలపకూడదు.

అంతకంటే ముఖ్యం వోల్టేజీ. పాత సీరియల్ ప్రమాణమైన ఆర్ఎస్-232 లైను ప్లస్ 3 నుంచి 15, మైనస్ 3 నుంచి 15 వోల్టుల మధ్య ఊగుతుంది. మైక్రోకంట్రోలర్ (చిన్న కంప్యూటర్ చిప్) బోర్డుల సీరియల్ పిన్నులు 0 నుంచి 5 లేదా 3.3 వోల్టులతో పనిచేస్తాయి, పైగా అర్థం తలకిందులు: అక్కడ మైనస్ అంటే 1, ఇక్కడ ప్లస్ అంటే 1. రాస్ప్‌బెర్రీ పై, ఈఎస్‌పీ32 లాంటి బోర్డుకు ఆర్ఎస్-232 ప్రింటర్‌ను నేరుగా తగిలిస్తే బోర్డు కాలిపోవచ్చు. మధ్యలో మ్యాక్స్3232 లాంటి లెవెల్ కన్వర్టర్ ఐసీ ఉండాలి. ఉన్న లైను ఏ రకమో తెలియకపోతే మల్టీమీటర్ చాలు. డేటా ఏదీ పోనప్పుడు పంపే తీగకు, గ్రౌండ్‌కు మధ్య చూడాలి. మైనస్ 5, మైనస్ 10 లాంటి అంకె వస్తే ఆర్ఎస్-232, ప్లస్ 3.3 లేదా 5 వస్తే బోర్డు స్థాయి.

తీగలు సరిగా కలిపాక రెండు వైపులా ఒకే సెట్టింగ్ ఉండాలి. 9600 బాడ్, 8 బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్ అనేది ఎక్కువగా కనిపించే సెట్టింగ్. బాడ్ రేటు కలవకపోతే చీటీ మీద ఒక్క అక్షరమూ సరిగా ఉండదు, పంపిన వాటి కంటే ఎక్కువో తక్కువో పడతాయి. పారిటీ తేడా ఉంటే మాత్రం చూడటానికి విచిత్రంగా ఉంటుంది. కొన్ని అక్షరాలు చక్కగా, కొన్ని పిచ్చిగా పడతాయి. కాటా 7 బిట్లు, సరి పారిటీతో పంపుతుంటే, ప్రింటర్ 8 బిట్లు, పారిటీ లేకుండా అందుకుంటే ఏమవుతుందో అంకెల్లోనే చూడొచ్చు. 0, 3, 5, 6, 9 సరిగ్గా అచ్చవుతాయి. 1, 2, 4, 7, 8 పాడవుతాయి. ఎందుకంటే ఈ రెండో గుంపు అంకెల కోడ్‌లో ఒకట్లు బేసి సంఖ్యలో ఉన్నాయి. వాటిని సరి చేయడానికి కాటా చేర్చిన పారిటీ బిట్‌ను ప్రింటర్ అక్షరంలో భాగమనుకుని 128 కలిపేస్తుంది. పాత పీసీ అక్షరాల పట్టిక 437 ఉన్న ప్రింటర్‌లో 1, 2 స్థానంలో చుక్కలతో నిండిన డబ్బాలు, 4 స్థానంలో గీతల కూడలి, 7, 8 స్థానంలో గీతల మూలలు పడతాయి. 35.60 బాగానే వచ్చి 42.18లో అంకెలన్నీ గీతలూ డబ్బాలూ అయ్యాయంటే ఇంకేమీ వెతకక్కర్లేదు, పారిటీ మారిస్తే సరిపోతుంది.

మూడోది ఫ్లో కంట్రోల్, అంటే డేటా పంపేదాన్ని అవసరమైతే ఆగమనడం. 9600 బాడ్‌లో సెకనుకు 960 బైట్లు వస్తాయి. సెకనుకు ఒక లైను వేసే 24 అక్షరాల ప్రింటర్ ఆ సెకనులో వాడుకునేది పాతిక బైట్లు. ముప్పై లైన్ల బిల్లు, అంటే సుమారు 750 బైట్లు, సెకను లోపే ప్రింటర్ గుమ్మం ముందుకు వచ్చేస్తుంది. అచ్చు వేయడానికేమో అర నిమిషం కావాలి. మిగిలినదంతా బఫర్‌లో, అంటే ప్రింటర్ తాత్కాలిక మెమరీలో కూర్చోవాలి. 256 బైట్ల బఫర్ ఉన్న ప్రింటర్ అయితే పదో లైను దాటాక చోటు చాలదు. ఆగమని చెప్పే ఏర్పాటు లేకపోతే మధ్య లైన్లు గల్లంతవుతాయి. పేరు, సర్వీసు నంబరు బాగానే పడి, కట్టాల్సిన మొత్తం దగ్గరకు వచ్చేసరికి లైన్లు మాయమయ్యే చీటీలు ఈ కోవలోవి. ఆగమని చెప్పే పద్ధతులు రెండు. ప్రింటర్ 19 అనే కోడ్ పంపి ఆపుతుంది, 17 పంపి మళ్లీ కానిమ్మంటుంది. లేదా అదనపు తీగ ఒకటి లాగి దాని వోల్టేజీ మార్చి చెబుతుంది. మూడు తీగల కేబుల్ మీద రెండో పద్ధతి ఎంచుకుంటే ఆ సంకేతం వెళ్లే దారే లేదు. ఇదే తరచూ జరిగేది.

యూఎస్‌బీ కన్వర్టర్ పెట్టినా లోపల నడిచేది ఇదే సీరియల్ లైను. విండోస్ దాన్ని ఒక కామ్ పోర్ట్‌గా (సీరియల్ లైనుకు అది పెట్టే పేరు) చూపిస్తుంది. కన్వర్టర్‌ను వేరే సాకెట్‌లో పెడితే పోర్ట్ నంబరు మారిపోయి ప్రింటు ఆగిపోవచ్చు. డ్రైవర్‌గా జెనరిక్ టెక్స్ట్ ఓన్లీ ఎంచుకుంటే అక్షరాలు, కోడ్‌లు మార్పు లేకుండా వెళ్తాయి.

బ్లూటూత్‌తో

ఈ ప్రింటర్లలో ఎక్కువ శాతం వాడేది క్లాసిక్ బ్లూటూత్‌లోని సీరియల్ పోర్ట్ ప్రొఫైల్. తీగ లేదు గానీ ఫోన్ దృష్టిలో ఇదీ సీరియల్ లైనే. పెయిరింగ్‌కు సాధారణంగా 0000 లేదా 1234 అడుగుతుంది. పెయిర్ అవడం, కనెక్ట్ అవడం వేర్వేరని గుర్తుంచుకుంటే చాలా టెన్షన్ తప్పుతుంది. పెయిరింగ్ అంటే ఒకసారి పరిచయం కావడం, ఆ జాబితా ఫోన్‌లో అలాగే ఉంటుంది. ప్రింటర్ ఆఫ్‌లో ఉన్నా ‘పెయిర్డ్’ అనే కనిపిస్తుంది. కనెక్షన్ మాత్రం యాప్ లైను తెరిచినప్పుడే ఏర్పడుతుంది. బ్యాటరీ ఆదా కోసం కొన్ని నిమిషాలు పని లేకపోతే ప్రింటర్ తనంతట తాను ఆగిపోతుంది. రెండు వీధుల అవతలికి నడిచి వచ్చిన రీడర్ ప్రింట్ నొక్కితే ఏమీ రాదు. ఫీడ్ బటన్ నొక్కి లేపి, మళ్లీ నొక్కాలి.

ఒక ప్రింటర్ ఒకేసారి ఒక ఫోన్‌తోనే మాట్లాడుతుంది. ఆఫీసులో ఇంకో ఫోన్ దాన్ని పట్టుకుని ఉంటే రెండో ఫోన్‌కు దొరకదు. ఆండ్రాయిడ్ 12 నుంచి నియర్‌బై డివైసెస్ అనుమతి ఇవ్వకపోతే యాప్‌కు బ్లూటూత్ అందదు. ఫోన్ మార్చిన రోజు ప్రింటర్ పనిచేయలేదంటే ముందు చూడాల్సింది అక్కడే. ఐఫోన్‌తో ఈ క్లాసిక్ సీరియల్ పద్ధతి పనిచేయాలంటే ప్రింటర్‌కు ఆపిల్ ఆమోదం ఉండాలి. అది లేకపోతే ‘బ్లూటూత్ లో ఎనర్జీ’ (తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్ రకం) ఉన్న మోడల్ తీసుకోవాల్సి ఉంటుంది.

యాప్‌లలో తరచూ కనిపించే తప్పు ఒకటుంది. డేటా అంతా పంపగానే కనెక్షన్ మూసేస్తారు. పంపినదంతా ప్రింటర్‌కు చేరక ముందే లైను తెగితే చీటీ చివరి రెండు మూడు లైన్లు రావు. మొత్తం రాసి ఉండే చోటు కూడా సాధారణంగా అదే. చివరి బైటు తర్వాత కాస్త ఆగడమో, ప్రింటర్ స్థితిని అడిగి జవాబు వచ్చాక మూయడమో చేయాలి. చాలా ప్రింటర్లు 16, 4, 1 అనే మూడు బైట్లకు తమ స్థితిని చెబుతాయి. చీటీ సగంలో ఆగి మళ్లీ తీయాల్సి వస్తే రెండో దాని మీద ‘డూప్లికేట్’ అని పడాలి. ఒకే తేదీ, ఒకే నంబరుతో రెండు చీటీలు చేతికి వస్తే రెండుసార్లు డబ్బు కట్టాలేమోనని కంగారు పడే ముసలివాళ్లుంటారు. వాళ్ల కోసమైనా ఆ ఒక్క మాట ఉండాలి.

తెలుగు అచ్చు

ప్రింటర్‌కు తెలిసింది తన చిప్‌లో ఉన్న అక్షరాల పట్టిక, కొన్ని ఆదేశాలు. ఎప్సన్ పద్ధతి పాటించే ప్రింటర్లలో ఆదేశాలు 27తో మొదలవుతాయి. 27, 64 పంపితే పాత సెట్టింగులన్నీ చెరిగిపోయి మొదటికి వస్తుంది. ప్రతి చీటీకి ముందు ఈ రెండు బైట్లు పంపితే ముందు చీటీలోని పెద్ద అక్షరాలు దీనిలోకి రావు. ఆ పట్టికలో తెలుగు ఉండదు. ఫోన్‌లోని తెలుగును అలాగే పంపితే ఒక్కో అక్షరం మూడు బైట్లుగా వెళ్తుంది. ‘అ’ అంటే 224, 176, 133. తెలుగు అక్షరాలన్నిటికీ మొదటి బైటు 224, రెండోది 176 లేదా 177. అందుకే 437 పట్టిక ఉన్న ప్రింటర్ మీద గ్రీకు ఆల్ఫా, దాని పక్కన చుక్కల డబ్బా, ఆ తర్వాత ఇంకేదో గుర్తు, మళ్లీ ఆల్ఫా, మళ్లీ డబ్బా పడుతూ పోతాయి. ఇది కనిపిస్తే లైను, బ్యాటరీ, బ్లూటూత్ అన్నీ నిక్షేపంగా ఉన్నట్టు. తెలుగును బొమ్మగా మార్చకుండా పంపారంతే.

బొమ్మగా మార్చడమంటే ఫోన్‌లోనే లైనంతా గీసి, నలుపు తెలుపు చుక్కలు చేసి పంపడం. ‘లక్ష్మి’ అనే పేరు తీసుకుంటే పైన గుడి, మధ్యలో క్ష, కింద మ వత్తు, ఇన్ని అంతస్తులకు చోటు కావాలి. ఏడు చుక్కల ఎత్తులో అది సాధ్యం కాదు, 24 చుక్కలైనా ఉండాలి. తొమ్మిది సూదుల తలతో బొమ్మ వేసేటప్పుడు ఒక విడతకు ఎనిమిది చుక్కల ఎత్తే పడుతుంది కాబట్టి మూడు విడతలు కావాలి. ఇక్కడ లైన్ల మధ్య దూరం మార్చడం మరిచిపోతే అక్షరం ముక్కలవుతుంది. మామూలు దూరం అంగుళంలో ఆరో వంతు, అంటే 12 చుక్కలు. ఎనిమిది చుక్కలు వేసి 12 జరిగితే నాలుగు చుక్కల తెల్ల సందు మిగులుతుంది, గుడి ఒకచోట, వత్తు ఇంకోచోట తేలతాయి. ఈ తొమ్మిది సూదుల రకంలో 27, 51, 24 పంపితే దూరం సరిగ్గా ఎనిమిది చుక్కలవుతుంది. వేరే మోడళ్లలో ఆ కొలత యూనిట్ మారుతుంది, మాన్యువల్ చూసుకోవాలి. ఒక్కో చుక్కల వరుస చొప్పున వేసే షటిల్ ప్రింటర్లలో ఈ సందు సమస్య రాదు, కానీ సమయం దాదాపు మూడింతలవుతుంది, బ్యాటరీ ఖర్చూ పెరుగుతుంది.

ఫోన్ అక్షరాల అంచులను బూడిద రంగుతో నునుపు చేస్తుంది. ప్రింటర్‌కు బూడిద రంగు తెలియదు. ఆ నునుపును ఆపి, మందపాటి ఫాంటు వాడకపోతే సన్నటి తలకట్లు ఎగిరిపోతాయి. పైగా 144 చుక్కల వెడల్పులో తెలుగు అక్షరాలు ఓ పది పడితే గొప్ప. 1991లో భారతీయ లిపులకు కోడ్‌లు నిర్ణయించిన ఇస్కీ ప్రమాణం, కంప్యూటర్‌లో ఆ లిపులు వాడుకోవడానికి తగిలించే సీడాక్ జిస్ట్ కార్డు ఉన్న కాలంలో బల్ల మీది 80 అక్షరాల ప్రింటర్లతో తెలుగు అచ్చు సాధ్యమైంది, ఎందుకంటే అక్కడ వెడల్పు ఉంది, కరెంటుకు కొరత లేదు. చేతి ప్రింటర్‌కు మాత్రం రోలు మీదే తెలుగు శీర్షికలు ముందే ముద్రించి, ప్రింటర్‌తో అంకెలు మాత్రమే వేయించడం తెలివైన దారి. అంకెలు తమ గళ్లలో పడాలంటే ప్రతి చీటీ మొదట్లో నల్ల గుర్తును పట్టే సెన్సర్ ఉన్న ప్రింటర్ కావాలి. పేరు ఒక్కటి తెలుగులో బొమ్మగా, మిగతా అంతా అంకెలుగా వేస్తే సమయమూ బ్యాటరీ రెండూ కలిసొస్తాయి. చీటీ మీద తన పేరు తన లిపిలో ఉంటే, తెలుగు చదవగలిగిన మనిషికి అది ఎవరిదో ఇంకొకరిని అడగాల్సిన పని ఉండదు.

వేలకొద్దీ ప్రింటర్లు ఒకేసారి కొనే శాఖలు, డెయిరీలు టెండర్లలో లైనుకు ఎన్ని అక్షరాలు, సెకనుకు ఎన్ని లైన్లు, బరువు ఎంత అనేవే అడుగుతుంటాయి. అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఏడాది వాడిన బ్యాటరీతో, దట్టమైన గీతలున్న బిల్లును ఎండలో వరుసగా తీసి చూపించగలరా? బఫర్ ఎంత, నిండితే ఏ పద్ధతిలో ఆపుతుంది? ఆదేశాల మాన్యువల్ పూర్తిగా ఇస్తారా? ఆ రిబ్బన్, ఆ బ్యాటరీ ప్యాక్ జిల్లా కేంద్రంలో బజారులో దొరుకుతాయా? సెల్ఫ్ టెస్ట్ చీటీ ఎలా తీయాలో మీటర్ రీడర్‌కు చూపించడానికి ఒక పూట శిక్షణ ఉందా? ఈ చివరిదానికి అయ్యే ఖర్చు అన్నిటికంటే తక్కువ, రిపేరు షాపుకు అనవసరంగా వెళ్లే ప్రింటర్లను అన్నిటికంటే ఎక్కువగా తగ్గించేదీ అదే.